ఆసామి చెప్పులు

మా ఊళ్ళో ఎవర్నైనా పట్టుకుని, "ఇక్కణ్ణుంచి కాలినడకన జగన్నాథం వెళ్ళొచ్చినవారెవరండీ" అని అడగండి. పలక పట్టిన పిల్లల దగ్గర్నుంచి కాటికి కాళ్ళు చాచుకున్నవాళ్ళ దాకా ఒకటే మాట చెప్తారు, చంద్రరావుగారని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. చంద్రరావుగారు తన పశువులపాక దాకా కూడా నడిచి ఎరగరు. నడిచినవాడు వీరాస్వామి. రానూపోనూ ఎనిమిదివందల మైళ్ళు, నాలుగు నెలలు, వట్టికాళ్ళతో నడిచాడు. రైలు అప్పటికింకా మా వైపు రాలేదు. నా పేరు ఏసుపాదం, మిషను బడిలో పంతుల్ని. ఈ వ్యవహారంలో కాగితం రాసిన చెయ్యి నాదే కాబట్టి, పోయేలోగా ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని కూర్చున్నాను.

మా ఊరు ఆత్రేయపురానికి దిగువన, గౌతమి ఒడ్డున ఉంది. వీరాస్వామిది చేపలు పట్టే కుటుంబం. వల పడని రోజుల్లో కాలవ మీద పడవలు లాగేవాడు. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని, గట్టు వెంట మనుషులే నడుస్తూ లాగాలి. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా అలా లాగిన కాళ్ళవి. పాదాలు చేటలంత ఉండేవి. మనిషి మంచివాడే గానీ ఒక్క అవలక్షణం ఉంది, ఏదడిగితే దానికి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. బేరానికొచ్చినవాళ్ళు "చేప ఇవాళ్టిదేనా" అంటే "నిన్న మజ్జాన్నందండి" అనేవాడు. ఇలాంటివాణ్ణి బుట్ట ముందు కూర్చోబెడితే సంసారం సాగుతుందా. అందుకని అమ్మకమంతా పెళ్ళాం మరిడమ్మ చూసుకునేది.

గట్టు మీద వాళ్ళ పాకలు ఏడు. ఆ గట్టు చంద్రరావుగారి పట్టాలో ఉంది. ఊళ్ళో సగం భూమి ఆయనదే. పక్క ఊళ్ళలో పొలమున్న ప్రతివాడూ ఆసామే గానీ, మా ఊళ్ళో ఆసామి అంటే ఆయనొక్కరే. పాకల ముందు ఎండబెట్టిన చేపల వాసన, గాలి తిరిగినప్పుడల్లా సూటిగా ఆయన వీధరుగు మీదికి వచ్చేది. ఆ ఏడు వరద వచ్చేలోగా పాకలు పీక్కుని పొమ్మని కబురు పెట్టారు. ఏడు కుటుంబాలు ఎక్కడికి పోతాయండీ. మిగతా గట్టంతా ఎవరో ఒకరి పట్టా, కాకపోతే సర్కారువారిది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చంద్రరావుగారికి సెగగడ్డ లేచింది. లేచిన చోటు చెప్పుకోడానికి బాగుండదు, కూర్చోడానికి అసలు బాగుండదు. మూడు నెలలు ఆయన కూర్చోలేదు. పగలంతా స్తంభం పట్టుకుని నిలబడేవారు, రాత్రి బోర్లా పడుకునేవారు. అన్నం సయించక మజ్జిగతో సరిపెట్టారు. బట్ట తగిలితే ప్రాణం పోతోందని గోచీతో ఉండిపోయారు. భార్య ఎదురుపడితే మొహం అటు తిప్పుకునేవారు. "జగన్నాథా" అని ఆయన పెట్టే కేకలు మా బడికి వినపడేవి. ఆ కేకల మధ్యలో, పేరిశాస్త్రిగారి ఎదుట, గడ్డ తగ్గితే కాలినడకన నీ దగ్గరికొస్తానని మొక్కేశారు. పురోహితుడు వినగా మొక్కిన మొక్కు, ఇంక దాన్ని దాచడం ఎవరి తరం. మర్నాడు మంగలి వచ్చి గడ్డ కోశాడు. వారంలో చంద్రరావుగారు పీట మీద కూర్చుని పెరుగన్నం తిన్నారు.

ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. కాకపోతే తన ఎదుట మొక్కిన మొక్కుని పేరిశాస్త్రిగారు ఊరికే వదలనివ్వరు, నడవడానికి చంద్రరావుగారు ఒప్పుకోరు. ఆయన మూడు రోజులు తాటాకులు తిరగేసి తేల్చిందేమిటంటే, సంకల్పం యజమానిదీ చెప్పులు యజమానివీ అయితే, అందులో దూరిన పాదాలు ఎవరివైనా ఫలం యజమానికే చెందుతుందని. చెప్పులు అరగడమే నడకకి సాక్ష్యమట. ఇది ఏ గ్రంథంలో ఉందండీ అని నేనడగలేదు. అడిగితే క్రీస్తువాడివి నీకెందుకయ్యా అంటారు.

అంత దూరం నడిచే కాళ్ళు ఊళ్ళో ఎవరివో అందరికీ తెలుసు. వీరాస్వామిని పిలిపించారు. అతను వాకిట్లో కింద నిలబడి అంతా విని, "ఎల్తానండి. ఏడు పాకలూ కదపనని కాయితం రాసియ్యండి" అన్నాడు. పక్కనే ఉన్న మరిడమ్మ తల ఊపింది. ఆ మాట ఎవరు నేర్పారో ఆ తల ఊపడంలోనే తెలిసింది. కరణంగారు ఊళ్ళో లేకపోబట్టి నన్ను పిలిచారు. శాస్త్రిగారు చెప్తుంటే నేను రాశాను. చెప్పులు జగన్నాథము వెళ్ళి అరిగి రావలెను, అరిగి వచ్చిన పక్షమున ఏడు పాకలును తరతరములకు కదల్పరాదు, అరగక వచ్చిన పక్షమున మరునాడే ఖాళీ చేయవలెను. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని చంద్రరావుగారు మెచ్చుకున్నారు కూడా. నేనూ మురిసిపోయాను, వెధవని.

చెప్పులు కొత్తగా కుట్టించారు. కిర్రు చెప్పులు, చంద్రరావుగారి పాదానికి కొలతపెట్టి కుట్టినవి. ఆయన పాదం చిన్నది, నడక ఎరగని పాదం. వీరాస్వామి కాలు దూరిస్తే మూడు వేళ్ళే దూరాయి. అది ఒక చిక్కు. రెండోది అంతకంటే పెద్దది. గట్టు మీది పాకలవాళ్ళు ఆసామి ఇంటి ముందు చెప్పులేసుకుని నడవకూడదు, ఉంటే విప్పి చేత్తో పట్టుకోవాలి. తాతల నాటి నుంచి అదే ఆచారం. వీరాస్వామి అసలు జన్మలో చెప్పులు తొడగలేదు. అలాంటివాణ్ణి సాక్షాత్తూ ఆసామి చెప్పుల్లోనే కాళ్ళు పెట్టమంటే ఎలా పెడతాడు. చేత్తో పట్టుకోడానికి కూడా మనసొప్పక, తువ్వాల్లో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు.

పొలిమేర దాకా వెళ్ళి సాగనంపిన మరిడమ్మ, "ఇక్కణ్ణుంచి ఏసుకో, ఎవరూ సూడరు" అంది.

"ఊరు దాటితే ఆయన ఆసామి కాకుండా పోతారేటే" అన్నాడు వీరాస్వామి.

మాఘమాసం చివర బయల్దేరాడు. రాజానగరం దగ్గర ఒకసారి ధైర్యం చేసి వేళ్ళు దూర్చాడు. పది అడుగులు వేసేసరికి తోలు కోసేసింది, దానికి తోడు ఎవరో వెనకనుంచి ఒరేయ్ అని పిలిచినట్టయి విప్పేశాడు. తోవలో కలిసిన బండివాడొకడు, "పోనీ రోజూ కాసేపు రాయి మీద అరగదియ్యి" అని సలహా చెప్పాడట. "అది అబద్దం అరుగుదలండి" అన్నాడట మనవాడు. ఏడు కుటుంబాల నెత్తిమీది తాటాకు ఆ చెప్పుల అడుగునుందని తెలుసు. అయినా అబద్ధం చేతకాలేదు. ఇలాంటివాణ్ణి ఏమనాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

అసలు గొడవ తుని సత్రంలో మొదలైంది. అక్కడ భక్తిగల శెట్టిగారొకాయన, నెత్తిన చెప్పులు పెట్టుకున్న ఈ మనిషిని చూసి ఆశ్చర్యపోయి, "ఎవరివయ్యా అవి" అని అడిగాడు.

"మా ఆసామివండి" అన్నాడు వీరాస్వామి.

పలికి చూడండి. మా ఆసామి, మా సామి. రెంటికీ తేడా ఎక్కడుందో బడిపంతుల్ని, నాకే వినపడదు. శెట్టిగారు చేతులు జోడించాడు.

"ఎక్కడుంటారు మీ సామి?"

"గౌతమి గట్టునండి."

"ఏం చేస్తుంటారు?"

"ఈమద్దెన మూడు నెల్లు కూకోలేదండి. నిలబడే ఉన్నారు."

"మూడు నెలలా! ఆహారం?"

"మజ్జిగేనండి."

"వస్త్రం?"

"గోసీయండి."

"భార్యాబిడ్డలు లేరా?"

"ఉన్నారండి. ఆయమ్మ ఎదరపడితే మొకం తిప్పేసుకునీవోరు. పగలూ రాత్రీ జగన్నాదా జగన్నాదా అని ఒకటే కేకండి."

శెట్టిగారికి కళ్ళు చెమర్చాయి. వీరాస్వామికి అప్పుడు అనుమానం తగిలింది. ఎక్కడో తేడా వచ్చిందని, "సామి కాదండి, ఆసామి" అని సర్దబోయాడు. శెట్టిగారు పక్కవాళ్ళకేసి తిరిగి, "విన్నారా, గురువుగారి పేరు నోట ఎత్తడు. ఆ సామి అంటున్నాడు" అన్నాడు. ఇంకేం చెప్తాం.

చెప్పులకి పసుపు రాశారు, పట్టుగుడ్డ చుట్టారు. ఆ కబురు ఇతనికంటే ముందు నడిచింది. అనకాపల్లి సత్రంలో దండలు, విజయనగరంలో హారతి, చీకాకోలులో భజన. అడిగిన ప్రతివాడికీ ఇతను నిజమే చెప్పాడు, చెప్పిన ప్రతి నిజానికీ ఒక దణ్ణం పడింది. సెగగడ్డ సంగతి కూడా చెప్పాడండీ, దాచలేదు. "సామి దేహబాధని కూడా జగన్నాథుడి పేరుతో భరించారన్నమాట" అన్నారు ఇచ్ఛాపురంలో. చైత్రం వచ్చి ఎండ ముదిరింది. చెప్పులు పట్టుగుడ్డలో చల్లగా ఉన్నాయి, కింద ఇతని అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దారి పొడుగునా అంతమందిలో ఒక్కడు, అబ్బాయీ నీ కాళ్ళేంటిలా ఉన్నాయి అని అడగలేదట. ఇది అతను నాతో మామూలుగానే చెప్పాడు.

జగన్నాథంలో సింహద్వారం ఎదట జనంలో నిలబడి ఏం మొక్కుకున్నావని తరవాత అడిగాను. "ఏం మొక్కలేదండి. బాబూ, ఇది నా నడక కాదు, మా ఆసామిది, ఆరి కాతాలో ఏసుకో అని చెప్పేసి వచ్చేశానండి" అన్నాడు. మరి పాకల సంగతి చెప్పుకోలేదా అంటే, "ఒకరి నడక మీద ఎల్లి మన కోరిక ఎలా అడుగుతాం పంతులుగారూ" అన్నాడు. ఈ సంగతంతా విని మా మిషను దొరగారు, దీన్ని విగ్రహారాధన మీద కరపత్రంగా వేద్దామన్నారు. దీంట్లో బుద్ధి తక్కువవాళ్ళెవరో తేలాక వేద్దురుగాని లెండి అన్నాను. ఆ ఏడు నాకు జీతం పెరగలేదు.

జ్యేష్ఠం చివర వీరాస్వామి తిరిగొచ్చాడు. గోదాట్లో వరద ఎర్రనీరు ఇంకా తగల్లేదు. వెనక నలభైమంది, తుని శెట్టిగారి నాయకత్వాన, సామి దర్శనానికి వచ్చారు. వాళ్ళు రేవులో స్నానాలు చేసొస్తామని ఆగితే, ఇతను ముందుగా చెప్పులు తెచ్చి ఆసామి అరుగు ముందు దించాడు.

చంద్రరావుగారు గుడ్డ విప్పించి అడుగు తిప్పి చూశారు. కుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. పైగా పసుపు.

"తొడిగావా?" అన్నారు.

"లేదండి. నెత్తినెట్టుకుని తీసుకెల్లానండి."

చంద్రరావుగారికి కోపమూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. మొక్కు తీరలేదన్న భయం ఒకపక్కనుంటే, గట్టు ఖాళీ అయిపోతోందన్న హుషారు రెండోపక్క. నన్ను పిలిపించి కాగితం చదవమన్నారు. నా గుండ్రటి అక్షరాలు నేనే చదివాను. 'మరునాడే ఖాళీ చేయవలెను' దగ్గరికొచ్చేసరికి గొణిగేశాను. వీరాస్వామి తల దించుకుని నిలబడ్డాడు. అతని కాళ్ళు చూశాను. మడమల్లో పగుళ్ళు వేలు దూరేంత ఉన్నాయి. అవి ఏ కాగితంలోనూ లేవు.

అంతలో రేవునుంచి నలభైమందీ వచ్చిపడ్డారు. శెట్టిగారు తడిబట్టలతో చంద్రరావుగారి ఎదుట సాష్టాంగపడి, "సామీ, ఇన్నాళ్ళకి దర్శనమిచ్చారా" అన్నాడు. వెనక అందరూ పడ్డారు. చంద్రరావుగారు బిత్తరపోయి శాస్త్రిగారి మొహం చూశారు. శాస్త్రిగారు మహా సూక్ష్మగ్రాహి. శెట్టిగారి దగ్గర నాలుగు మాటల్లో సంగతి లాగి, ఆయన చెవి దగ్గరికి వంగి, "నెత్తిన మోసిన పాదుకలకి అరుగుదల అక్కర్లేదు. ఫలం నూరు రెట్లు. నోరు మెదపకండి" అన్నారు. పక్కనే ఉన్నాను, స్పష్టంగా విన్నాను.

చంద్రరావుగారు కుడిచెయ్యి మెల్లగా పైకెత్తి దీవించారు. అంత తొందరగా మహాత్ముడైనవాణ్ణి నేను పాత నిబంధనలో కూడా చూడలేదు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే మొక్కు తీరినట్టేగదండీ. పాకలుంటాయి" అన్నాను. చంద్రరావుగారు నావైపు జాలిగా చూసి, "భక్తులొస్తున్నారు కదయ్యా ఏసుపాదం. మఠం కట్టొద్దూ? గట్టు మీదే బాగుంటుంది. రేపు పొద్దున్నే ఖాళీ చెయ్యమను" అన్నారు. అరక్కపోతే కాగితం ప్రకారం పోవాలి, అరగనక్కర్లేకపోతే మఠం కోసం పోవాలి. ఎటు తిప్పినా పీకేది ఆ ఏడు పాకలే. వీరాస్వామి అరుగు అంచున కూలబడిపోయాడు. అతనలా ఆయన ఎదట కూర్చోవడం అదే మొదలు.

మరిడమ్మ మాత్రం కూర్చోలేదు. చేపల బుట్ట చంకనేసుకుని సరాసరి శెట్టిగారి ముందుకెళ్ళి నిలబడింది.

"అయ్యా, ఈయన సామీ కాదు, గీమీ కాదు. సెగ్గడ్డ లేసి కూకోలేక నిలబడ్డాడు" అంది.

"తెలుసమ్మా, తోవలో మీవాడు చెప్పాడు. ఆ సహనమే తపస్సు" అన్నాడు శెట్టిగారు.

"ఆకలి సచ్చి మజ్జిగ తాగాడు."

"ఆకలిని చంపుకోవడం మాటలా తల్లీ."

మరిడమ్మకి తిక్క రేగింది. "ఇదేం గొడవండీ, నిజం సెప్తుంటే ఇనరు. ఆయనకి మా పాకలంటే కిట్టదండి. ఆ అరుగు మీద, పొద్దున్నోమాటు సందేళోమాటు, మా గట్టుకేసి తిరిగి ముక్కు మూసుకుని కూకుంటాడు. ఇయ్యాల్టిది కాదు, పదేళ్ళ బట్టీ సూత్తన్నాం" అంది.

శెట్టిగారు ఒక్కసారి నిటారుగా లేచాడు. "పొద్దున్నా సాయంత్రమూనా? ఏ ముక్కమ్మా, కుడిదా ఎడందా?"

"రెండూనండి. మొకం ఎర్రబడీదాకా."

"కుంభకం" అన్నాడు శెట్టిగారు, వెనక్కి తిరిగి. నలభైమందీ చేతులు జోడించారు. "ఆ గట్టుని చూస్తూ పదేళ్ళు ప్రాణాయామం. ఆ వాసననే గెలవడానికి పెట్టుకున్నారన్నమాట. ఎంత కఠినమైన సాధన." ఆయన చంద్రరావుగారి కాళ్ళ దగ్గర మోకరిల్లి, మఠం సంగతి మేమొప్పుకోం అన్నాడు. సామి సాధనకి ఆధారమైన ఆ గట్టు, ఆ పాకలు, ఆ ఎండుచేపలు, ఒక్కటి కదిపినా మహాపాపమన్నాడు. కావాలంటే మఠం మా తునిలో కడతామన్నాడు.

చంద్రరావుగారు నోరు తెరిచారు. ఏమని చెప్తారు? చేపల కంపు భరించలేక ముక్కు మూసుకున్నానంటే సామితనం అక్కడికక్కడే ఊడిపోతుంది. పేరిశాస్త్రిగారి కేసి చూశారు. శాస్త్రిగారు ఆకాశం చూస్తున్నారు. కక్కలేక మింగలేక కాసేపు గింజుకుని, చివరికి "మీ ఇష్టమే నా ఇష్టం నాయనా" అన్నారు. ఆ మాట నోట్లోంచి పూర్తిగా పడకముందే నేను కలం తీశాను. ఏడు పాకలును, వాటి ముందర చేపలెండబెట్టు స్థలమును, తరతరములకు కదల్పరాదు. ఈసారి చెప్పుల మాట లేదు. చంద్రరావుగారి చేత చేవ్రాలు చేయించి, శెట్టిగారి చేత సాక్షి సంతకం పెట్టించాను. నా జన్మలో అంత గుండ్రంగా మళ్ళీ రాయలేదు.

మరిడమ్మ ఆ మాట తెలిసే అందా, కోపంలో నోరుజారి అందా అని నాకు ఇప్పటికీ సందేహమే. అడిగితే, "నిజమేగదండీ సెప్పింది" అని చేపలు తిరగేసుకునేది.

భక్తులు పన్నెండు రోజులున్నారు. ఆ పన్నెండు రోజులూ చంద్రరావుగారు రెండుపూటలా అరుగు మీద కూర్చుని, గట్టుకేసి తిరిగి, ముక్కు మూసుకోవలసి వచ్చింది. పాకలవాళ్ళు ఆ పన్నెండు రోజులూ మామూలు కంటే కాస్త ఎక్కువ చేపలు ఎండబెట్టారేమో, నేను లెక్కపెట్టలేదు. ఆ తరవాత ఆ చెప్పులు గుడ్డలో మూలపడ్డాయి. చంద్రరావుగారు కాలినడకన జగన్నాథం వెళ్ళొచ్చారన్న మాట మాత్రం ఊళ్ళో స్థిరపడిపోయింది. చివరికి ఆయనే నమ్మేశారు. దారిలో చిలికా సరస్సు దగ్గర గాలి ఎంత చల్లగా ఉంటుందో నాకే వర్ణించి చెప్పేవారు.

ఓరోజు ఆ వర్ణన విని వేడి మీద గట్టుకెళ్ళాను. వీరాస్వామి వల బాగుచేసుకుంటున్నాడు. ముసలివాడయ్యాడు, కాళ్ళు మునపటిలా లేవు. "నీకు రోషం లేదటయ్యా. నడిచిందేమో నువ్వు, పేరేమో ఆయనకి. పుణ్యం కూడా ఆయనకే పోయింది" అని కేకలేశాను.

అతను, అలవాటు ప్రకారం, అడిగినదానికి ఉన్నది ఆలోచించి చెప్పాడు.

"పోనియ్యండి పంతులుగారూ. పున్నెం మీద పాక ఎయ్యలేం గదండి."